కొప్పు చూడకుండా వచ్చేశారా?

ఈ కాలపు శిల్పం గురించి, ప్రదర్శనల్లో దాన్ని చూసిన అనుభవం గురించి ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగాను. చాలా ఉత్తరాలు వచ్చాయి, అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. పేర్లు వేయడం లేదు, ఊళ్ళు మాత్రం ఇస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, ఆ ప్రశ్నలు చదువుతుంటే నాకు ఆపబుద్ధి కాలేదు.

ప్రశ్న: ఢిల్లీలో ఒక ప్రదర్శనలో రవీందర్ రెడ్డి గారు చేసిన పెద్ద ఆడమనిషి తల చూశాను. బంగారు రంగు ముఖం, ఇంతింత కళ్ళు. కొంచెం భయం వేసింది, మా ఊరి అమ్మవారు కూడా గుర్తొచ్చింది. రెండు నిమిషాలు నిలబడి ఫోటో తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాను. బయటికొచ్చాక ఏదో వదిలేసి వచ్చాననిపించింది. ఏం చూసి ఉండాల్సింది? – డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: దాని వెనక్కి వెళ్ళారా? ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి వెళ్ళలేదనే అనుకుంటున్నాను. రవీందర్ రెడ్డి గారి తలల్లో సగం పని వెనకే ఉంటుంది. ముందు నుంచి నున్నటి ముఖం, ముడతన్నది లేని బుగ్గలు, నిండు పెదాలు. వెనక్కి వెళ్తే కొప్పు. ఒక్కో తలకి ఒక్కో రకం ముడి, మెలితిప్పిన పాయలు, చుట్టూ పూలు. పెళ్ళికి తయారయ్యే ఆడపిల్లలు గంటలకొద్దీ కదలకుండా కూర్చుని వేయించుకునే కొప్పుని ఆయన అంతే ఓపికగా, మన తల పైకెత్తి చూడాల్సినంత పెద్దగా చేసి పెట్టారు. అది చూడకుండా వచ్చేస్తే సగం శిల్పమే చూసినట్టు.

ఇది మీ ఒక్కరి సంగతి కాదు, మనందరి అలవాటు. గుడిలో దర్శనం ముందు నుంచే కదా. ప్రదక్షిణ చేస్తాం గానీ మధ్యలో గర్భగుడి గోడ అడ్డం, మూర్తి వీపు ఎలా ఉంటుందో అర్చకులకి తప్ప మనకి తెలీదు. కూడలిలో నాయకుడి విగ్రహానికీ దండ ముందు నుంచే వేస్తాం. అలా పెరిగిన కళ్ళతో ప్రదర్శనకి వెళ్తే శిల్పాన్ని కూడా గోడకి తగిలించిన పటంలాగా ఎదురుగా నిలబడి చూసి వచ్చేస్తాం. శిల్పం చూడాలంటే ముందు కాళ్ళు కదలాలి. ఈ పేజీలో ఏం చెప్పినా నేను చివరికి ఇక్కడికే వస్తాను.

ఇక ఆ కళ్ళ సంగతి. మీరు ఎటు జరిగినా అవి మిమ్మల్ని చూడవు, మీ తల మీదుగా ఎక్కడికో చూస్తుంటాయి. మీ భయం అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. అమ్మవారు గుర్తు రావడం సరైనదే, పోలేరమ్మకి అతికించే వెండి కళ్ళు తలుచుకోండి. అయితే ఆ ముక్కూ ఆ పెదాలూ మాత్రం బస్టాండులో మీ పక్కన నిలబడే ఆవిడవి. అమ్మవారి చూపు తెచ్చి ఈవిడకి పెట్టారు. ఆయన 1956లో సూర్యాపేటలో పుట్టారు, బరోడాలో, ఆ తర్వాత లండన్‌లో చదువుకున్నారు, మీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే చాలాకాలం శిల్పం నేర్పారు. మీ ఊరి మనిషి పనిని మీరు ఢిల్లీలో చూడాల్సి రావడం నాకు బాధగానే ఉంది.

ఇంకో మాట. అంత పెద్ద తల చూస్తే టన్నుల బరువుంటుందనిపిస్తుంది గానీ లోపల డొల్ల. ఫైబర్‌గ్లాస్ పనంటే ముందు మట్టితో చేసుకోవాలి, దాని మీద ప్లాస్టర్‌తో అచ్చు తీయాలి, అచ్చు లోపల రెజిన్ అనే గట్టిపడే జిగురులో తడిపిన గాజు నారని పొరలు పొరలుగా పరవాలి, గట్టిపడ్డాక అచ్చు విప్పి, సానబెట్టి, రంగు వేయాలి. చదువుకునే రోజుల్లో నేనూ చేశాను. ఆ నార చేతుల్లో గుచ్చుకుని రోజుల తరబడి దురద పెట్టేది, రెజిన్ వాసన జుట్టులోంచి ఎంత కడిగినా పోయేది కాదు. ఎగ్జిబిషన్ గ్రౌండ్లలో డైనోసార్లూ సినిమా సెట్లలో స్తంభాలూ చేసేది ఈ సరుకుతోనే. పైన ఆ తళతళా, లోపల అంత ఖాళీ ఉందని తెలిశాక నాకు ఆ ముఖాలు ఇంకాస్త ఒంటరిగా కనిపించాయి.

ప్రశ్న: లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో కొన్నేళ్ళ కిందట షీలా గౌడ గారి పని ఒకటి చూశాం. నల్లటి తాళ్ళు కుప్పలుగా, గోడల నిండా, వాటికి కట్టి వేలాడుతూ కారు బంపర్లు. దగ్గరికెళ్తే ఆ తాళ్ళు మనిషి జుట్టు! మావారు "ఇదేం శిల్పం?" అన్నారు. నాకు మాత్రం తిరుమల కల్యాణకట్ట గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఎక్కువ ఊహించుకున్నానా? – లండన్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: లేదమ్మా, ఉన్నదే చూశారు. మీరు చూసింది 2009లో వెనిస్ బినాలేలో, అంటే ఇటలీలో రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శనలో మొదట పెట్టిన పని, పేరు 'బిహోల్డ్'. షీలా గౌడ కర్ణాటకలోని భద్రావతిలో పుట్టారు, బెంగళూరులో పనిచేస్తారు. అక్కడ బళ్ళకి దిష్టి తగలకుండా బంపర్‌కి జుట్టుతో అల్లిన తాడు కడతారు. మనవైపు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి వేలాడదీసినట్టే. ఆ తాడుకి జుట్టు ఎక్కడిదంటే గుళ్ళలో మొక్కు తీర్చుకున్నవాళ్ళది. పొడవాటి జుట్టు విగ్గులకి పోతుంది, పనికిరాని పొట్టి జుట్టు ఇలా తాళ్ళవుతుంది. ఆవిడ అలాంటి తాడు దాదాపు 4,000 మీటర్లు తీసుకుని, మెరిసే స్టీలు బంపర్లు 20 తెచ్చి, ఆ బంపర్ల బరువంతా ఆ జుట్టు మీదే వేశారు.

ఇప్పుడు మీరు ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళినట్టు అనుకోండి. ఎవరో తల్లి బిడ్డకి జ్వరం తగ్గాలని మొక్కుకుని ఇచ్చిన జుట్టు. ఎవరో డ్రైవరు ఘాట్ రోడ్డులో బండికి ఏమీ కాకూడదని కట్టుకున్న భయం. ఒకరి మొక్కు ఇంకొకరి రక్షణ అయ్యే లోపల ఎక్కడో ఒక చోట అది సరుకై తూకానికి అమ్ముడుపోయింది. ఇవేవీ ఆవిడ చెప్పలేదు, బొమ్మ గీసి చూపించలేదు, జుట్టునీ ఇనుమునీ ఒకదానికొకటి కట్టి వదిలేశారంతే. మీకు కల్యాణకట్ట తెలుసు, గుండు చేయించుకున్న తలకి గాలి తగిలినప్పుడు ఎలా ఉంటుందో తెలుసు. ఆ గదిలో మీ చుట్టూ ఉన్న చాలామందికి అది తెలిసుండదు.

మీవారి ప్రశ్న కూడా న్యాయమైనదే. ఒకప్పుడు శిల్పమంటే చెక్కడం, లేదా పోత పోయడం. ఇప్పుడు కట్టడం, వేలాడదీయడం, పేర్చడం కూడా అందులోకి వచ్చాయి. నేను చూసుకునేది ఒక్కటే. దాని బరువు, దానికీ నాకూ మధ్య ఉన్న దూరం నా ఒంటికి తెలుస్తున్నాయా లేదా? తెలిస్తే నాకది శిల్పమే. ఈసారి వెళ్ళినప్పుడు ఆయన్ని ఒక బంపర్ కింద కాసేపు నిలబడమని చెప్పండి, మిగతాది ఆ జుట్టే చూసుకుంటుంది.

ప్రశ్న: ప్రదర్శనలన్నీ ఢిల్లీ, ముంబై, కొచ్చిలోనే. సెలవు దొరకదు, ఖర్చు కూడా. ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే చాలదా? నిజంగా అంత తేడా ఉంటుందా? – బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: పెయింటింగుకైతే ఏదో సర్దుకోవచ్చు. శిల్పానికి సర్దుకోలేరు. మృణాళినీ ముఖర్జీ పనుల ఫోటోలు నేను కాలేజీ రోజుల నుంచి చూస్తూనే ఉన్నాను, ఆవిడ నాకు బాగా తెలుసనే అనుకున్నాను. జనుము తాళ్ళని మగ్గం లేకుండా, చేత్తో ఒక్కో ముడీ వేసుకుంటూ మనిషి కంటే పెద్ద ఆకారాలు చేశారు ఆవిడ. వాటికి యక్షి, దేవి, రుద్ర, వనశ్రీ లాంటి పేర్లు. 2015 జనవరిలో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా మందిరంలో ఆవిడ జీవితకాలపు పని అంతా ఒకచోట పెట్టారు, అప్పుడు వెళ్ళాను. మొదటి గదిలో అడుగుపెట్టగానే నేను చేసిన పని ఒక అడుగు వెనక్కి వేయడం.

అవి నన్ను చూస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. ఫోటోలో ముడులు కనిపిస్తాయి గానీ, ఆ తాడు తన బరువుకి తనే కిందికి జారుతూ మడతలు పడటం కనిపించదు. ఊదా రంగు అద్దిన నార లోపలి మడతల్లో దాదాపు నలుపైపోతుంది. పక్కకి జరిగితే పువ్వనుకున్నది నోరులా, ఇంకో అడుగేస్తే గుడి వాకిలిలా మారిపోతుంది. ఒక్కోటి చేయడానికి నెలల తరబడి పట్టేదంటే ఆ ముడుల దగ్గర నిలబడ్డాక నమ్మకం కుదిరింది. ఆ ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే, ఫిబ్రవరిలో, ఆవిడ 65 ఏళ్ళ వయసులో చనిపోయారు. అన్ని పనులనీ ఒకచోట నిలబెట్టిన గదుల మధ్య ఆవిడ తీరిగ్గా తిరగలేకపోయారన్నది నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది.

మీ ఇబ్బంది నాకు అర్థమైంది. అందుకే ఏడాదికి ఒక్కటే పెట్టుకోండి. ఫోన్‌లో రెండొందల శిల్పాలు చూసే టైములో ఒక్కదాని దగ్గరికి వెళ్ళి అరగంట ఉండండి. నెల్లూరు నుంచి చెన్నై దగ్గరే కదా. మెరీనా బీచ్‌లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి 'శ్రమ విజయం' 1959 నుంచీ ఉంది, నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తుంటారు, టికెట్ కూడా లేదు. అది ఈ కాలపు శిల్పం కాకపోవచ్చు, కానీ చుట్టూ తిరిగి, ఏ కండరం ఎటు లాగుతోందో మీ ఒంటితో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు మీకు దగ్గరలో లేదు.

ప్రశ్న: చికాగోలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పెద్ద స్టీలు చిక్కుడు గింజని అందరూ చేతులతో తడుముతున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. మ్యూజియంలో మాత్రం వేలు చాచితే చాలు అరుస్తారు. ఎందుకీ తేడా? – రిటైర్డ్ లెక్చరర్, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చెప్పేది అనీశ్ కపూర్ అనే శిల్పి చేసిన 'క్లౌడ్ గేట్'. 168 స్టీలు పలకలు అతికి, అతుకు కనపడకుండా నునుపు చేశారు, బరువు 110 టన్నులు. 2006లో పూర్తయింది. ఆరుబయట, జనం మధ్యలో ఉండటానికే చేసింది కాబట్టి వేలిముద్రలు పడతాయని ముందే తెలుసు, కింది భాగాన్ని రోజూ తుడుస్తారు. మ్యూజియంలో ఆ వీలు లేదు. మన చేతి చెమటలో ఉప్పూ జిడ్డూ ఉంటాయి, కంచు మీద మచ్చ తెస్తాయి, పాలరాయి అయితే పీల్చేసుకుంటుంది. మన ఒక్క వేలుతో ఏమవుతుందని ప్రతి ఒక్కరం అనుకుంటాం. గుడి గడప రాయి ఎలా అరిగిందో చూసిన మనకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఒక్కోసారి తాకడమే ఆ పని. 2010లో ఐ వేవే అనే చైనా కళాకారుడు టేట్ మోడర్న్ హాలులో పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. అన్నీ పింగాణీవి, జింగ్‌డెజెన్ ఊళ్ళో పనివాళ్ళు ఒక్కోదానికీ చేత్తో రంగు వేసినవి. జనం వాటి మీద నడవాలి, దోసిట్లోకి తీసుకోవాలి. కొద్ది రోజులకే పింగాణీ దుమ్ము లేచి ఊపిరితిత్తులకి మంచిది కాదని తాడు కట్టి దూరం నుంచి చూడమన్నారు. మొదటి రెండు రోజుల్లో వెళ్ళినవాళ్ళూ తర్వాత వెళ్ళినవాళ్ళూ ఒకే పనిని చూశారని నేను అనుకోను.

ప్రశ్న: మనకి అమరావతి ఉంది, రామప్ప ఉంది. అవి ఉండగా ఈ ఆకారం లేని ముద్దలెందుకు? జనానికి అర్థం కానిది జనం మధ్య ఎందుకు పెడతారు? – కరీంనగర్

జవాబు: కోపంగా రాశారు, కానీ మనసులో మాట రాశారు, సంతోషం. మీరు హైదరాబాద్ వస్తే అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్క్ వైపు చూస్తారు కదా. అక్కడున్న అమరవీరుల స్తూపంలో మనిషి బొమ్మ లేదు, ముఖం లేదు. పీఠం, దాని మీంచి లేచిన స్తంభం, పైన తెల్లటి పువ్వు. 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవాళ్ళ కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు గారు చేసిన పని అది. దాని ముందు దండలు పెట్టినవాళ్ళు, ఏడ్చినవాళ్ళు, అక్కడి నుంచే ఊరేగింపు మొదలుపెట్టినవాళ్ళు ఎంతమంది! "ఇది అర్థం కాలేదు" అని ఎవరూ అనగా నేను వినలేదు. మనిషి బొమ్మ పెట్టి ఉంటే అది ఎవరో ఒకరిది అయ్యేది. ముఖం లేకపోవడం వల్లే ప్రతి తల్లీ తన కొడుకుని అక్కడ చూసుకోగలిగింది. రామప్ప మదనికలని ప్రేమించే మనిషి దీన్నీ ప్రేమించగలడు, ఆ రెండూ మనవే.

అలాగని జనం మీద రుద్దితే ఒప్పుకోమని కూడా నేను చెప్పను. న్యూయార్క్‌లో 1981లో ఒక ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలో రిచర్డ్ సెర్రా అనే అమెరికా శిల్పి 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న తుప్పు రంగు ఉక్కు గోడ నిలబెట్టాడు. రోజూ పనికి వచ్చేవాళ్ళు దాన్ని చుట్టి నడవాల్సి వచ్చింది. గొడవలు, బహిరంగ విచారణ, కోర్టు, చివరికి 1989లో ముక్కలు చేసి తీసుకెళ్ళారు. అది ఆ చోటు కోసమే చేసినదనీ, అక్కణ్ణించి కదిలిస్తే ఇక అది ఉండనట్టేననీ సెర్రా వాదన. నేను చాలా ఏళ్ళు సెర్రా పక్షమే. ఇప్పుడు సాయంత్రం అలిసిపోయి బస్సు కోసం ఆ గోడ చుట్టూ నడిచిన మనిషి మాట కూడా నాకు వినిపిస్తోంది, ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

ప్రశ్న: స్టీలు గిన్నెలు కుప్పగా పోసి శిల్పమంటే మా ఇంట్లో వంటగది కూడా మ్యూజియమే కదండీ? – గృహిణి, గుంటూరు

జవాబు: సుబోధ్ గుప్తా గురించి అడుగుతున్నారనుకుంటాను. ఆయన బీహార్‌లోని ఖగౌల్ నుంచి వచ్చినవాడు. స్టీలు సామాను విలువేంటో మీకు నేను చెప్పాలా? సారె గిన్నె మీద మెషీన్‌తో పేరు చెక్కించి, ముప్పై ఏళ్ళయినా ఫలానా వాళ్ళ పెళ్ళిలో ఇచ్చిందని చెప్పే ఇళ్ళు మనవి. ఆ గిన్నెలే ఒక పెద్ద పుర్రె ఆకారంలోకి చేరితే ఆకలి గుర్తొస్తుంది, 2006 నాటి ఆ పని పేరు కూడా ఆకలిగొన్న దేవుడనే అర్థంలోనే ఉంటుంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడగలను. ఆయన మిగతా పనుల్లో కొన్ని మాత్రం మెరుపు అయిపోగానే అయిపోతాయి. మీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: పక్కన గోడ మీద రాసి పెట్టింది ముందు చదవాలా, తర్వాతా? – తిరుపతి

జవాబు: తర్వాత. ముందు దేనితో చేశారో, ఎలా నిలబడిందో, ఎక్కడ నేలని తాకిందో చూడండి. చదివాక ఇంకోసారి చుట్టూ తిరగండి. చదివింది నచ్చకపోతే మీరు చూసిందే నమ్మండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. ఏడేళ్ళ పాపని తీసుకెళ్ళి చూపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? విసిగిపోతుందేమోనని టెన్షన్. – కూకట్‌పల్లి

జవాబు: పిల్లలు విసిగేది మనం "ఇది చూడు, ఇది చూడు" అని లాగుతున్నప్పుడే. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కాతో మొదలుపెట్టండి. బెంజోని అనే ఇటలీ శిల్పి 19వ శతాబ్దంలో చేసింది, ఈ కాలానిది కాదు, అయినా రాయి ఎక్కడ గుడ్డగా మారిందో వెతకమంటే పాప పది నిమిషాలు కదలదు. మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, ఏం నడుస్తోందో కనుక్కుని వెళ్ళండి. కాస్త పెద్దయ్యాక కొచ్చి బినాలేకి తీసుకెళ్ళండి. 2012లో మొదలైంది, ఫోర్ట్ కొచ్చిలో సముద్రం పక్కన పాత గోదాముల్లో పెడతారు, ఆ ఎత్తైన గోడలూ ఉప్పు గాలీ కూడా చూడాల్సినవే.

విదేశాల్లో ఉన్న మీ వాళ్ళ దగ్గరికి ఎప్పుడైనా వెళ్తే, కెనడాలోని ఒట్టావాలో గానీ స్పెయిన్‌లోని బిల్బావ్‌లో గానీ లూయీస్ బూర్జ్వా చేసిన 30 అడుగుల సాలీడు ఉంది. పేరు 'మమాఁ', ఫ్రెంచిలో అమ్మ అని. ఆవిడ తల్లి గోడలకి వేలాడదీసే, బొమ్మలు నేసిన పాత తెరలు చిరిగితే బాగుచేసేది, రోజంతా దారంతోనే పని, అందుకని సాలీడు. పొట్ట కింద సంచిలో పాలరాతి గుడ్లుంటాయి. పెద్దవాళ్ళు దూరంగా ఆగిపోతే పిల్లలు తిన్నగా దాని కాళ్ళ మధ్యకి పరిగెడతారు. మీరు పాప వెనకే వెళ్ళండి.

ప్రశ్న: గ్యాలరీకి ఒక్కడినే వెళ్ళాలంటే బిడియం. లోపల ఎవరూ ఉండరు, గార్డు నన్నే చూస్తుంటాడు. ఎక్కువసేపు నిలబడితే ఏమనుకుంటాడోనని త్వరగా వచ్చేస్తాను. – ప్రైవేటు ఉద్యోగి, వరంగల్

జవాబు: ఆయనతో మాట్లాడండి. ఆ గదిలో ఉన్నవాటి గురించి అందరికంటే ఎక్కువ చూసింది ఆయనే. పైన చెప్పిన మృణాళినీ ముఖర్జీ ప్రదర్శనకి నేను రెండోరోజు కూడా వెళ్ళాను. అక్కడ కాపలా ఉన్నాయన నన్ను గుర్తుపట్టి, "మేడమ్, నిన్న మీరు దీన్ని ఇటు నుంచి చూడలేదు" అని హిందీలో చెప్పి ఒక పెద్ద తాళ్ళ శిల్పం పక్కకి పిలిచాడు. గోడకి దాదాపు ఆనుకుని, కొంచెం వంగి చూడమన్నాడు. ముడుల మధ్య సందులోంచి, అవతలి గదిలో నిలబడి ఉన్న ఇంకో శిల్పం సరిగ్గా మధ్యలో కనిపించింది, గర్భగుడిలో మూర్తిలాగా. రోజంతా అక్కడే నిలబడి ఆయన కనిపెట్టుకున్న చోటు అది.